జీపుకు అదనపు ట్యాంకు బిగించొచ్చా? క్యాన్‌లో ఎన్ని లీటర్లు తీసుకెళ్లొచ్చు? చట్టం ఏం చెబుతోంది?

కోటవురట్ల నుంచి నర్సీపట్నం మీదుగా ఏజెన్సీ ఘాట్ రోడ్డు ఎక్కే వాహనాలు ఏడాదంతా కనిపిస్తూనే ఉంటాయి. చలికాలం వస్తే లంబసింగి వైపు వెళ్లే కార్లు, జీపులు ఇంకా పెరుగుతాయి. వీటికి తోడు ఊళ్లోని ట్రాక్టర్లు, పొక్లెయిన్లు ఉంటాయి. పొలంలోనో కొండ వాలులోనో పనిచేసే బండికి బంకు దగ్గరగా ఉండదు. అందుకే చాలామంది ఏదో ఒకనాడు ఈ ప్రశ్న వేసుకుంటారు: బండికి ఇంకో ట్యాంకు బిగించుకుంటే పోలేదా? పోనీ, రెండు క్యాన్లు వెనకాల కట్టుకుంటే?

వెల్డింగ్ షాపులో ఒక పూటలో అయిపోయే పనిలా కనిపిస్తుంది. కానీ దీని మీద రెండు వేర్వేరు చట్టాలు వర్తిస్తాయి. బండిలో మార్పు చేయడం మోటారు వాహనాల చట్టం కిందికి వస్తుంది. ఇంధనాన్ని విడిగా ఉంచుకోవడం, తీసుకెళ్లడం పెట్రోలియం చట్టం కిందికి వస్తుంది. మొదటిది రవాణా శాఖ చూస్తుంది. రెండోదాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చూస్తుంది.

నిప్పుతో నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో ఈ మండలానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడులో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. బాణసంచాకు, పెట్రోలుకు చట్టాలు వేరైనా జాగ్రత్త మాత్రం ఒకటే. మీ బండిలో, మీ ఇంట్లో ఉండే ఇంధనం విషయంలో ఏది చేయొచ్చో, ఏది చేయకూడదో చూద్దాం.

ముందు లెక్క వేయండి: అసలు అవసరమా?

అదనపు ట్యాంకు గురించి ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకోండి. మారుతీ జిమ్నీ ట్యాంకులో 40 లీటర్లు పడతాయి. మహీంద్రా థార్‌లో 57 లీటర్లు. ఘాట్ రోడ్డులో లీటరుకు 10 కిలోమీటర్లే వస్తుందనుకున్నా, జిమ్నీ నిండు ట్యాంకుతో 400, థార్ 570 కిలోమీటర్లు వెళ్తాయి.

కోటవురట్ల నుంచి లంబసింగికి వెళ్లి రావడానికి 150 కిలోమీటర్లకు మించదు. అంటే అదనపు ఇంధనం అవసరమే లేదు. చింతపల్లి, గూడెంకొత్తవీధి దాటి సీలేరు దాకా వెళ్లి రావాలంటే రానుపోను సుమారు 300 కిలోమీటర్లు అనుకోండి. అప్పుడు 30 లీటర్లు చాలు.

అయితే బురద దారిలో, ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని తక్కువ గేరులో వెళ్తే మైలేజీ 7కు పడిపోవచ్చు. అప్పుడు అదే 300 కిలోమీటర్లకు 43 లీటర్లు కావాలి. 40 లీటర్ల ట్యాంకు చాలదు. దీనికి పరిష్కారం కొత్త ట్యాంకు కాదు. నర్సీపట్నంలోనో చింతపల్లిలోనో ఒకసారి ఆగి నింపుకుంటే సరిపోతుంది. గిరిజన సహకార సంస్థ కూడా ఏజెన్సీలో కొన్నిచోట్ల బంకులు నడుపుతోంది. ట్యాంకులో పావు వంతు మిగిలి ఉండగానే నింపుకోవడం అలవాటు చేసుకుంటే ఈ ప్రాంతంలో ఏ సొంత వాహనానికీ పెద్ద ఇబ్బంది రాదు.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన వాళ్లు పెట్టే వీడియోల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల కింద పెద్ద ట్యాంకులు కనిపిస్తుంటాయి. అక్కడి ఎడారి దారుల్లో వందల కిలోమీటర్ల వరకు బంకు ఉండదు. అక్కడి అవసరం వేరు, అనుమతులు వేరు. అది చూసి ఇక్కడ బిగించుకుంటే ఇక్కడి చట్టమే వర్తిస్తుంది.

అదనపు ఇంధనానికి మూడు మార్గాలు

మొదటిది, కంపెనీ ట్యాంకు తీసేసి దాని స్థానంలో పెద్దది పెట్టడం. రెండోది, ఉన్న ట్యాంకును అలాగే ఉంచి, డిక్కీలోనో కింది భాగంలోనో మరో ట్యాంకు బిగించి పైపు, పంపు ద్వారా కలపడం. మూడోది, విడిగా క్యాన్‌లో ఇంధనం తీసుకెళ్లి అవసరమైనప్పుడు పోసుకోవడం.

మొదటి రెండూ బండి నిర్మాణాన్ని మారుస్తాయి. మూడోది మార్చదు. మీ చేతిలో ఏ దారి ఉందో ఈ తేడాయే తేలుస్తుంది.

ట్యాంకు మారిస్తే రవాణా చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల్లో మార్పుల గురించి చెబుతుంది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. వాహనం మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే చట్టం మార్పుగా పరిగణిస్తుంది. సీఎన్‌జీ లాంటి వేరే ఇంధనానికి ఆమోదిత కిట్‌తో మారడానికి, దివ్యాంగుల కోసం వాహనాన్ని అనువుగా మలచుకోవడానికి చట్టం షరతులతో వీలు కల్పించింది. ఎక్కువ ఇంధనం పట్టే ట్యాంకు ఆ జాబితాలో లేదు.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని చెప్పింది. రంగు మార్చుకోవడం, చిన్న చిన్న అమరికలు దీని కిందికి రావు. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

'ఆర్‌సీలో ట్యాంకు సైజు రాయరు కదా?'

చాలామంది అడిగే ప్రశ్న ఇది. నిజమే, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం రకం, ఖాళీ బరువు లాంటివి ఉంటాయి కానీ ట్యాంకు సామర్థ్యం ఉండదు. అంత మాత్రాన వెసులుబాటు ఉందని అనుకోవద్దు. ఇనుప ట్యాంకు, పంపు, బ్రాకెట్లు బిగిస్తే బండి ఖాళీ బరువు పెరుగుతుంది. అది ఆర్‌సీలో ఉండే వివరమే.

అంతకంటే ముఖ్యమైన విషయం, ఒక మోడల్‌ను మార్కెట్లోకి తెచ్చే ముందు పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో పరీక్షించి ఆమోదం తీసుకుంటారు. ఇంధన ట్యాంకుకు కూడా ప్రమాణాలు ఉన్నాయి. బండి బోల్తా పడితే ఇంధనం కారకుండా చూసే వాల్వు, ఆవిరి బయటకు పోకుండా పట్టుకునే ఏర్పాటు, గుద్దుకున్నప్పుడు నలగని చోట ట్యాంకును అమర్చడం ఆ డిజైన్‌లో భాగం. స్థానిక షాపులో రేకుతో చేసిన ట్యాంకులో ఇవేవీ ఉండవు.

ఇంజిన్‌కు కూడా నష్టమే. బీఎస్-6 డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లు వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో పనిచేస్తాయి. చిన్న తుప్పు రేణువు, నీటి చుక్క చేరినా వేలల్లో ఖర్చు పెట్టాల్సి రావచ్చు. జింకు పూత ఉన్న జీఐ రేకు డీజిల్‌తో చర్య జరుపుతుంది కాబట్టి అది అసలు పనికిరాదు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన పని, పాత ఇంధన ట్యాంకుకు వెల్డింగ్ చేయించడం. ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలిపోతుంది. 'కడిగేశాం, ఆరబెట్టాం' అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కారుతున్న ట్యాంకును మార్చాలి తప్ప అతికించకూడదు.

పెట్రోలు వేరు, డీజిల్ వేరు

1934 నాటి పెట్రోలియం చట్టం ఇంధనాలను ఎంత తేలికగా మండుతాయన్నదాన్ని బట్టి తరగతులుగా విభజించింది. 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే మండే ఆవిరిని ఇచ్చేవి ఏ తరగతి. పెట్రోలు ఇందులోకి వస్తుంది. అది సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరిని ఇస్తుంది. 23 నుంచి 65 డిగ్రీల మధ్యవి బీ తరగతి. డీజిల్ ఇందులోకి వస్తుంది. అందుకే రెండింటికీ వేర్వేరు పరిమితులు.

పెట్రోలు: అమ్మకానికి కాకుండా సొంత అవసరానికి ఎవరైనా 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అది గట్టిగా బిగించిన మూత ఉన్న పాత్రలో ఉండాలి. గాజు లేదా పింగాణీ పాత్ర అయితే ఒక లీటరు, లోహపు పాత్ర అయితే 25 లీటర్లు దాటకూడదు. ఈ వాక్యంలో ప్లాస్టిక్ ప్రస్తావన లేదన్నది గమనించండి.

సొంత వాహనం ఉన్నవారికి: బండి ట్యాంకులో ఉన్నది కాక, ఆ బండిని నడపడానికే వాడే పెట్రోలును 100 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా తీసుకెళ్లొచ్చు, నిల్వ ఉంచుకోవచ్చు. మీకు మూడు బళ్లున్నా నిల్వ పరిమితి మొత్తం మీద 100 లీటర్లే. పాత్రల నియమం దీనికీ వర్తిస్తుంది. 30 లీటర్లు దాటితే మనుషులు ఉండే, పనిచేసే గదులతో సంబంధం లేని విడి చోట నిల్వ చేయాలి. ఇంట్లో మంచం కింద, వంటగది పక్కన, దుకాణం మూల పెట్టకూడదు.

డీజిల్: ఒక చోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. రైతుకు, యంత్రాల యజమానికి ఇది పెద్ద వెసులుబాటు.

లైసెన్సు అక్కర్లేదంటే అమ్ముకోవచ్చని కాదు. పెట్రోలు విషయంలో ఈ మినహాయింపులు సొంత వాడకానికే. కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్రోలు పెట్టి అమ్మడం వీటి కిందికి రాదు.

మరి బంకులో క్యాన్‌లో ఎందుకు పోయరు?

చట్టం ఉంచుకోవచ్చని చెప్పినంత మాత్రాన, బంకువాళ్లు మీరు తెచ్చిన ఏ డబ్బాలోనైనా పోయాలని లేదు. బంకులు పెసో లైసెన్సు షరతులకు, ఆయిల్ కంపెనీల భద్రతా నియమాలకు కట్టుబడి ఉండాలి. శాంతిభద్రతల కారణంగా పోలీసులు ఇచ్చే ఆదేశాలు వీటికి అదనం. 2024 ఎన్నికల హింస తర్వాత, ఓట్ల లెక్కింపుకు ముందు రాష్ట్రంలో విడి పెట్రోలు అమ్మకాలపై ఆంక్షలు పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కాబట్టి కూల్‌డ్రింక్ సీసా, నీళ్ల క్యాను పట్టుకెళ్లి సిబ్బందితో గొడవ పడొద్దు. డీజిల్ పొలానికి కావాలంటే సరైన క్యాను తీసుకెళ్లండి. ట్రాక్టరు ఆర్‌సీ నకలు దగ్గర పెట్టుకుంటే అవసరం ఏమిటో చెప్పడం తేలిక. అయినా కుదరదంటే బంకు మేనేజరును అడగండి. ప్రత్యేక ఆంక్షలు ఉన్న రోజుల్లో మాత్రం ఎవరూ మినహాయింపు ఇవ్వలేరు.

ఎలాంటి క్యాను కొనాలి?

ఆకుపచ్చ రంగు 20 లీటర్ల ఇనుప క్యాను, పైన మూడు పిడులు. మిలటరీ జీపుల వెనక చూసే ఉంటారు. 1930లలో జర్మన్ సైన్యం కోసం తయారైన డిజైన్ అది. బ్రిటిష్ సైనికులు జర్మన్లను 'జెర్రీ' అని పిలిచేవారు, అందుకే అది జెర్రీ క్యాన్ అయింది. ఒకరే మోయడానికీ, ఇద్దరు చెరో పిడి పట్టుకోవడానికీ వీలుగా మూడు పిడులు పెట్టారు. తొంభై ఏళ్లయినా అంతకంటే మెరుగైనది పెద్దగా రాలేదు.

20 లీటర్ల లోహపు క్యాను చట్టం చెప్పిన 25 లీటర్ల హద్దులోనే ఉంటుంది. కొనేటప్పుడు మూత దగ్గర రబ్బరు వాషరు బాగుందో లేదో చూడండి. నీళ్లు పోసి తలకిందులుగా పెట్టి ఒక గంట గమనించండి. చుక్క కారినా తిప్పి ఇచ్చేయండి. పరీక్ష తర్వాత లోపల తడి లేకుండా ఆరబెట్టండి. యాసిడ్, పురుగుమందు, నూనె డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు. క్యాన్ మీద 'పెట్రోలు' అనో 'డీజిల్' అనో పెద్ద అక్షరాలతో రాయండి. తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే ఇంజిన్ షెడ్డుకు చేరుతుంది.

నింపేటప్పుడు, తీసుకెళ్లేటప్పుడు

క్యాను బండిలో ఉండగా నింపొద్దు. కిందికి దించి నేల మీద పెట్టి, నాజిల్ క్యాను అంచుకు తగిలేలా ఉంచి నింపించండి. ఇంధనం ప్రవహించేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోవడానికి ఇది అవసరం. ట్రక్కులో పరిచిన ప్లాస్టిక్ షీటు మీదో, కారులోని కార్పెట్ మీదో ఉంటే ఆ విద్యుత్తు పోయే దారి ఉండదు.

అంచు దాకా నింపొద్దు. ఎండకు ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే 20 లీటర్ల పెట్రోలు దాదాపు 400 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. ఒక లీటరు ఖాళీ వదిలితే సరిపోతుంది.

మనుషులు కూర్చునే చోట పెట్టొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పైకి పోకుండా బండి నేల మీదే పేరుకుంటుంది. మూసిన కారులో ఒక స్విచ్చు నిప్పురవ్వ చాలు. అలాగని టాప్ మీద కట్టడమూ మంచిది కాదు. 20 లీటర్ల డీజిల్ సుమారు 17 కిలోలు, క్యానుతో కలిపి 20 కిలోలు దాటుతుంది. రెండు క్యాన్లు నెత్తిన పెట్టుకుని ఘాట్ మలుపుల్లో తిరిగితే బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. వెనుక భాగాన బండి ఫ్రేముకు బిగించిన స్టాండులో, బెల్టుతో కదలకుండా, నిటారుగా ఉంచడం మేలు. స్టాండు నంబరు ప్లేటును, వెనక లైట్లను కప్పకూడదు. పొగ గొట్టానికి దూరంగా ఉండాలి.

ప్రయాణికులను ఎక్కించుకునే ఆటోల్లో, సర్వీసు జీపుల్లో, బస్సుల్లో పెట్రోలు క్యాను తీసుకెళ్లొద్దు. నర్సీపట్నం రోడ్డు, తుని స్టేషన్లలో రైలెక్కేటప్పుడూ అంతే. రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం రైల్లో ప్రమాదకర వస్తువులు తీసుకెళ్తే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

బండిలో పోసుకునేటప్పుడు

ఇంజిన్ ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. బీడీ, సిగరెట్, పొయ్యి దగ్గరలో ఉండకూడదు. గరాటు వాడండి. పైపు నోట్లో పెట్టుకుని పీల్చే పాత అలవాటు మానేయండి. కొన్ని చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. చేతి పంపు కొనుక్కుంటే ఈ బాధే ఉండదు.

బండిలో పొడి రకం మంటలు ఆర్పే సిలిండరు ఒకటి ఉంచండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పరుచుకుంటుంది. సిలిండరు లేకపోతే ఇసుక, మట్టి వేయండి. మంట అదుపు తప్పితే దూరంగా జరిగి 101 లేదా 112కి ఫోన్ చేయండి.

పెట్రోలును నెలల తరబడి క్యాన్‌లో ఉంచొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. ప్రయాణం అయిపోగానే మిగిలింది బండిలోనే పోసేయండి.

ట్రాక్టరు, పొక్లెయిన్ యజమానులకు

రోటవేటరు వేసిన మధ్యస్థాయి ట్రాక్టరు గంటకు సుమారు 5 లీటర్లు తాగుతుందనుకుంటే, 50 లీటర్ల ట్యాంకు ఒక రోజు పనికి సరిపోతుంది. కాబట్టి ట్యాంకు పెంచడం కంటే రాత్రి పని ముగియగానే నింపి ఉంచడం మంచిది. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ చేరి నీరవుతుంది. నిండుగా ఉంటే ఆ సమస్య తగ్గుతుంది.

క్వారీలో, రోడ్డు పనిలో రోజుకు వంద లీటర్లు కావాల్సిన యంత్రాలకు మొబైల్ డిస్పెన్సర్ వాహనాలు ఉన్నాయి. పెసో ఆమోదంతో ఆయిల్ కంపెనీలు 2018 నుంచి పని జరిగే చోటికే డీజిల్ తెచ్చి పోసే సేవ మొదలుపెట్టాయి. మీ ప్రాంతంలో ఉందో లేదో మీరు కొనే బంకులోనే అడగండి. పికప్ వ్యానులో ఇనుప డ్రమ్ములు ఎక్కించుకుని తిరగడం కంటే ఇది సురక్షితం.

బీమా ఏమవుతుంది?

బండిలో చేసిన మార్పును బీమా కంపెనీకి చెప్పాలి. చెప్పకుండా బిగించిన ట్యాంకు వల్ల బండి తగలబడితే, సొంత నష్టం క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. లక్షల బండికి కొన్ని వేల ట్యాంకు పెట్టి అంతా పోగొట్టుకోవడం అదే. మార్పు చేయని బండి విషయంలో క్లెయిమ్ అన్యాయంగా ఆపారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ఎవరిని అడగాలి?

బండిలో ఏ మార్పుకైనా ముందు అనకాపల్లి జిల్లా రవాణా అధికారి కార్యాలయంలో గానీ, మీ ఆర్‌సీ ఏ కార్యాలయం పరిధిలో ఉంటే అక్కడ గానీ అడగండి. పని అయ్యాక కాదు, కాకముందే. 'అందరూ చేయించుకుంటున్నారు' అనే షాపువాడి మాట తనిఖీలో పనికిరాదు. అనుమతి ఉందని షాపు చెబితే ఆ పత్రం చూపించమనండి.

పాత బండి కొంటున్నారా? కింద వంగి చూడండి. కంపెనీది కాని ట్యాంకు, అదనపు పైపులు, వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే వాటిని తీయించాకే డబ్బు ఇవ్వండి. ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చిన తర్వాత తనిఖీలో జవాబు చెప్పాల్సింది మీరే.

ఒక్కసారి మళ్లీ

- ట్యాంకు మార్చడం, రెండో ట్యాంకు కలపడం: రవాణా శాఖ అనుమతి లేకుండా వద్దు.
- క్యాన్‌లో పెట్రోలు: లోహపు పాత్ర, 25 లీటర్ల లోపు. సొంత బండి కోసం మొత్తం 100 లీటర్లు దాటొద్దు. 30 దాటితే విడి చోట నిల్వ.
- డీజిల్: ఒక చోట 2,500 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదు.
- క్యాను నేల మీద పెట్టి నింపండి. లీటరు ఖాళీ వదలండి. మనుషులకు దూరంగా, బిగించి తీసుకెళ్లండి.
- ఘాట్ ఎక్కే ముందు నర్సీపట్నంలో ట్యాంకు నింపుకోండి. చాలా ప్రయాణాలకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.